ఎనిమిది నెలల లాబ్రడార్ ఇంట్లో ఎవరి మాటా వినడం లేదు: ప్రాథమిక శిక్షణ ఎక్కడ మొదలుపెట్టాలి?

మియాపూర్ నివాసి:

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో ఎనిమిది నెలల మగ లాబ్రడార్ ఉంది, పేరు బంటి. తిండికీ టీకాలకూ లోటు చేయలేదు గానీ, మాట వినడం మాత్రం దానికి అలవాటు కాలేదు. ఉదయం లిఫ్ట్ తలుపు తెరుచుకోగానే పట్టీని లాక్కుంటూ పరుగెడుతుంది. ఇంటికి ఎవరైనా వస్తే ముందరి కాళ్లెత్తి మీదికి ఎగబాకుతుంది. మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు మొన్న సోఫా పట్టుకుని నిలదొక్కుకున్నారు కాబట్టి సరిపోయింది, లేకపోతే కింద పడి ఉండేవారు. అపార్ట్‌మెంటు వెనుక ప్రహరీ ఉన్న ఖాళీ స్థలంలో వదిలితే, పిలిచినప్పుడు దగ్గరిదాకా వచ్చి, చేయి చాపగానే మళ్లీ పారిపోతుంది. ‘సిట్’ అంటే మావారి దగ్గర మాత్రమే, అది కూడా చేతిలో బిస్కెట్టు కనిపిస్తేనే కూర్చుంటుంది.

దాన్ని వెల్లకిలా పడేసి, మెడ అదిమి పట్టి, ఇంటికి పెద్ద ఎవరో తెలియజేస్తే దారికి వస్తుందని పక్క ఫ్లాటు వారు చెబుతున్నారు. రెండు నెలలు తమ దగ్గరే ఉంచుకుని అన్నీ నేర్పి పంపుతామని ఒక శిక్షణ కేంద్రం వారు అంటున్నారు. ఇంట్లో మావారు, నేను, అత్తగారు, ఇద్దరు పిల్లలు ఉంటాం. మేము ఏ దారిలో వెళ్లడం మంచిదో అనుభవజ్ఞులు చెప్పగలరని కోరుతున్నాను.

సీతమ్మధార శిక్షకుడు:

ముందుగా శిక్షణ కేంద్రం సంగతి చెబుతాను. కుక్కను రెండు నెలలు అక్కడ వదిలిపెడితే, అది అక్కడి మనిషి మాటను అక్కడి ఆవరణలో వినడం నేర్చుకుంటుంది. ఒకచోట నేర్చుకున్న దాన్ని మరోచోట, ఒకరి దగ్గర నేర్చుకున్న దాన్ని మరొకరి దగ్గర తనంతట తానుగా వర్తింపజేసుకోవడం కుక్కకు చాలా కష్టం. వంటింట్లో చక్కగా కూర్చునే కుక్క లిఫ్ట్ ముందు అదే మాటను పట్టించుకోకపోతే మనం మొండితనం అనుకుంటాం కానీ, నిజానికి ఆ శబ్దాల మధ్య, ఆ వాసనల మధ్య ఆ మాటకు ఏం చేయాలో దానికి ఇంకా ఎవరూ నేర్పలేదు. అందుచేత కేంద్రం నుంచి తిరిగి వచ్చాక కూడా మీ ఇంట్లో, మీ ఐదుగురితో మళ్లీ మొదలుపెట్టక తప్పదు. ఆ శ్రమేదో ఇప్పుడే పడండి. డబ్బు ఖర్చు పెట్టదలచుకుంటే, మీ ఇంటికే వచ్చి, కుక్క కంటే ఎక్కువగా మీకు నేర్పే శిక్షకుణ్ణి వెతుక్కోండి. మీ చేతికి పట్టీ ఇవ్వకుండా తానే అన్నీ చేసి చూపించి వెళ్లిపోయే వారి వల్ల మీకు మిగిలేదేమీ ఉండదు.

ఈ శిక్షణలో నేర్చుకోవలసిన వారిలో మొదటివారు యజమానులే. ఈ మాటను నేను ప్రతి ఇంట్లోనూ చెబుతాను, ఎందుకంటే నేను చూసిన సమస్యల్లో ఎక్కువ భాగం ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో రకంగా ప్రవర్తించడం వల్ల వచ్చినవే. బంటి మీదికి ఎగబాకినప్పుడు మీరు కసురుకుంటారు, పిల్లలు నవ్వుతూ దాని కాళ్లు పట్టుకుంటారు, మీవారు అలసి వచ్చిన రోజున ముద్దు చేస్తారు. అప్పుడప్పుడు మాత్రమే ఫలితం దొరికే అలవాటు, ప్రతిసారీ దొరికే అలవాటు కంటే గట్టిగా నాటుకుంటుందని స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రయోగాలతో నిరూపించి ఎన్నో దశాబ్దాలైంది. నాలుగు రోజులు ఎవరూ పట్టించుకోకుండా ఐదో రోజు ఒకరు ముద్దు చేస్తే, ఇంకాస్త పట్టుగా ఎగబాకాలని మీరే దానికి నేర్పినట్టు అవుతుంది.

కాబట్టి బంటిని ముట్టుకోకముందే ఐదుగురూ కూర్చుని కొన్ని నిర్ణయాలు చేసుకోండి. ఏ పనికి ఏ మాట వాడాలి, సోఫా ఎక్కనివ్వాలా వద్దా, భోజనాల బల్ల దగ్గర ముద్ద పెట్టాలా వద్దా అన్నవి తేల్చుకుని, ఆ కాగితాన్ని ఫ్రిజ్ మీద అంటించండి. ‘సిట్’ అన్నా ‘కూర్చో’ అన్నా కుక్కకు ఒకటే, అందరూ ఒకే మాట అంటే చాలు. ఆ మాటను ఒక్కసారే అనండి. వరుసగా నాలుగుసార్లు అనే ఇంట్లో కుక్క నాలుగోసారికి కూర్చోవడం నేర్చుకుంటుంది.

ఇక కూర్చోబెట్టడం. ఉడికించిన కోడి కాలేయాన్ని శనగగింజంత ముక్కలుగా కోసి పెట్టుకోండి. ఒక ముక్కను వేళ్ల మధ్య పట్టుకుని దాని ముక్కుకు దాదాపు ఆనించి, అక్కడి నుంచి నుదుటి మీదుగా వెనక్కి మెల్లగా జరపండి. ముక్కు పైకి లేస్తుంది, తల వెనక్కి వాలుతుంది, నడుము దానంతట అదే కిందికి దిగుతుంది. చేతిని మరీ ఎత్తుగా పట్టుకుంటే ఎగురుతుంది, కాబట్టి ముక్కుకు వేలెడు దూరం దాటనివ్వకండి. పిరుదులు నేలకు తగిలిన క్షణంలోనే ‘భేష్’ అని, వెంటనే ముక్క అందించండి. ఆ ఒక్క క్షణమే ఈ పాఠంలో ముఖ్యం. మీరు జేబులో వెతుక్కుని ఇచ్చేలోపు అది లేచి నిలబడితే, లేచినందుకు బహుమతి ఇచ్చినట్టే లెక్క. కొన్నిసార్లు సరిగ్గా చేశాక, ముక్క లేని ఖాళీ చేతితో అదే కదలిక చేసి, కూర్చున్నాక రెండో చేతి నుంచి తీసి ఇవ్వండి. బిస్కెట్టు కనిపిస్తేనే కూర్చునే అలవాటు అలా పోతుంది. చేతి కదలిక స్థిరపడ్డాకే, కదలికకు కొంచెం ముందుగా మాటను జోడించండి.

ఒక్కో పాఠం మూడు నుంచి ఐదు నిమిషాలకు మించనక్కరలేదు. రోజులో మూడు నాలుగుసార్లు, ఆకలిగా ఉన్న వేళ చేయించండి.

విశ్రాంత హ్యాండ్లర్:

నేను పోలీసు జాగిలాల విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేశాను. పై సభ్యుడు యజమాని గురించి చెప్పిన మాటను పూర్తిగా సమర్థిస్తున్నాను. మా శాఖలో కుక్కను ఒక్కదాన్నే శిక్షణకు పంపే పద్ధతి లేదు. హైదరాబాద్ దగ్గర మొయినాబాద్‌లోని పోలీసు అకాడమీలో అయినా, గ్వాలియర్ దగ్గర టేకన్‌పూర్‌లో సరిహద్దు భద్రతా దళం నడిపే జాతీయ కేంద్రంలో అయినా, కుక్కతో పాటు దాని హ్యాండ్లర్ కూడా నెలల తరబడి అక్కడే ఉండి నేర్చుకుంటాడు. దాని బొచ్చు దువ్వడం, కెన్నెల్ కడగడం, తిండి పెట్టడం అన్నీ అతని చేతుల మీదుగానే జరుగుతాయి. పేలుడు పదార్థాలు పసిగట్టే కుక్క అయినా, నేరస్థుణ్ణి వెంబడించే కుక్క అయినా, కూర్చోవడం, పడుకోవడం, పక్కన నడవడం, ఉన్నచోటే ఆగడం, పిలిస్తే రావడం అనే పునాది పడకుండా తరువాతి పాఠంలోకి వెళ్లదు.

అయితే ఒక విషయంలో నా అభిప్రాయం వేరు. తిండి ముక్కలతోనే అంతా సాధ్యమని నేను అనుకోను. ఎనిమిది నెలల లాబ్రడార్ ముప్పై కిలోలకు చేరువలో ఉంటుంది. మా రోజుల్లో చోక్ చైన్, అంటే లాగితే మెడ చుట్టూ బిగుసుకునే గొలుసు, వాడకుండా శిక్షణ లేదు. సరైన చేతిలో అది క్షణకాలపు హెచ్చరిక మాత్రమే, బాధ కాదు.

సీతమ్మధార శిక్షకుడు:

హ్యాండ్లర్ గారూ, మీ అనుభవం ముందు నేను చిన్నవాణ్ణి. మీరు ‘సరైన చేతిలో’ అన్నారు చూడండి, నా అభ్యంతరం అంతా అక్కడే ఉంది. నెలల తరబడి శిక్షణ పొందిన హ్యాండ్లర్ గొలుసును ఎప్పుడు లాగాలో, ఆ వెంటనే ఎప్పుడు వదలాలో తెలిసినవాడు. మేము చూసే ఇళ్లలో ఆ గొలుసు నడక మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా బిగిసే ఉంటుంది. ఎదురుగా మరో కుక్క కనిపించిన ప్రతిసారీ మెడ బిగుసుకుంటే, ఆ నొప్పిని అది ఎదుటి కుక్కకు ముడిపెట్టుకుంటుంది. లాగడం మాన్పించబోయి మొరగడం, మీదపడడం నేర్పిన ఇళ్లకు నేను తరచూ వెళ్లవలసి వస్తోంది.

తిరుపతి పశువైద్యురాలు:

వైద్యపరంగా నేను కొన్ని మాటలు చేర్చదలచాను. మెడ మీద పదే పదే ఒత్తిడి పడితే శ్వాసనాళానికి హాని జరగవచ్చు, కంటి లోపలి ఒత్తిడి కూడా పెరుగుతుంది. నొప్పి, భయం ఆధారంగా నేర్పే పద్ధతులను ఏ కుక్క విషయంలోనూ వాడవద్దని అమెరికాలోని పశు ప్రవర్తనా వైద్యుల సంఘం 2021లో స్పష్టంగా ప్రకటించింది. విద్యుత్ షాక్ ఇచ్చే కాలర్లను వేల్స్ 2010లోనే నిషేధించింది. లాగే కుక్కకు, మెడకు బదులు ఛాతీ చుట్టూ తొడిగే, ముందు భాగంలో కొక్కెం ఉన్న హార్నెస్ సరిపోతుంది. అది లాగినప్పుడు శరీరం పక్కకు తిరుగుతుంది కాబట్టి ముందుకు దూసుకుపోయే బలం తగ్గిపోతుంది.

పక్క ఫ్లాటు వారి సలహాను దయచేసి పాటించవద్దు. ఆ ఆలోచనకు మూలం, రుడాల్ఫ్ షెంకెల్ 1947లో ప్రచురించిన తోడేళ్ల పరిశీలన. ఆయన చూసినవి జంతుప్రదర్శనశాలలో, ఒకదానికొకటి సంబంధం లేకుండా ఒకే ఆవరణలో పెట్టిన తోడేళ్లు. తరువాత అడవుల్లో తోడేళ్లను దశాబ్దాలపాటు పరిశీలించిన డేవిడ్ మీచ్, సహజమైన తోడేళ్ల గుంపు అంటే తల్లి, తండ్రి, వాటి పిల్లలతో కూడిన కుటుంబమేనని 1999లో వివరించారు. అక్కడ పెద్దరికం కోసం ఒకదాన్నొకటి పడేసుకునే పోరాటం ఉండదు. పైగా మనింట్లో కుక్కను వెల్లకిలా అదిమి పట్టినప్పుడు మన ముఖం దాని పళ్లకు జానెడు దూరంలో ఉంటుంది. భయపడిన కుక్క కరిస్తే తప్పు దానిది కాదు.

ఇంకొకటి ఉంది. మాట వినడం లేదని తేల్చేముందు దాని ఒంట్లో బాధ ఏదైనా ఉందేమో చూపించండి. లాబ్రడార్లలో తుంటి కీలు సరిగా అమరకపోవడం తరచుగా కనిపించే సమస్య, అలాంటి కుక్కకు కూర్చోవడమే నొప్పి. వేలాడే చెవులలో చీము పట్టినా తల దగ్గర చేయి పడనివ్వదు, పట్టుకోబోతే తప్పించుకుంటుంది. బంటి చేయి చాపగానే పారిపోతుందన్నారు కాబట్టి చెవులు ఒకసారి పరీక్ష చేయించండి.

తిండి విషయంలో ఈ జాతి ఆబకు కారణం కూడా తెలిసింది. లాబ్రడార్లలో దాదాపు నాలుగో వంతు కుక్కలలో, కడుపు నిండిన సంగతి మెదడుకు తెలిపే వ్యవస్థలో భాగమైన ఒక జన్యువులో చిన్న లోపం ఉంటుందని కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2016లో గుర్తించారు. వికలాంగులకు సాయపడే లాబ్రడార్లలో ఆ లోపం ఇంకా ఎక్కువగా కనిపించింది. తిండితో నేర్పడం వీటికి తేలిక, లావెక్కడమూ అంతే తేలిక. శిక్షణ ముక్కలు రోజువారీ ఆహారంలో పదో వంతు మించకుండా చూసుకుని, ఆ మేరకు గిన్నెలో తగ్గించండి. ఉల్లిపాయ తగిలిన కూరముక్కలు, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

బెజవాడ నాటుకుక్క:

లాబ్రడార్ గురించిన చర్చలో మా గోడు కూడా వినండి. మేము వీధిలోంచి తెచ్చుకున్న నాటు కుక్కకు కాలేయం ముక్క చూపిస్తే వాసన చూసి పక్కకు తిరుగుతుంది. వీటికి శిక్షణ ఎక్కదని అందరూ అంటుంటారు, అది నిజమేనా?

తిరుపతి పశువైద్యురాలు:

నిజం కాదు. కుక్కపిల్లకు మూడు వారాల నుంచి సుమారు పన్నెండు, పద్నాలుగు వారాల వరకు లోకాన్ని పరిచయం చేసుకునే వయసు. ఆ దశలో మనుషులను దూరం నుంచే చూసిన పిల్లకు పెద్దయ్యాక మన చేయి, మన గది, మన పిలుపు అన్నీ అనుమానంగానే ఉంటాయి. భయంలో ఉన్న జంతువు తినదు. ముక్కను చేతితో ఇవ్వకుండా నేల మీద దూరంగా వేసి మీరు పక్కకు తిరగండి, రోజురోజుకూ ఆ దూరాన్ని తగ్గించండి. మీ దగ్గర ఊపిరి పీల్చుకోవడం నేర్చుకున్నాక మిగతావన్నీ వాటంతట అవే వస్తాయి. కొన్నింటికి తిండి కంటే గుడ్డ ముడిని గుంజుకునే ఆట ఎక్కువ ఇష్టం, దాన్నే బహుమతిగా వాడవచ్చు.

మియాపూర్ నివాసి:

అందరికీ కృతజ్ఞతలు. చెవులు చూపించాం. ఎడమ చెవిలో ఇన్ఫెక్షన్ ఉందని మందు రాసిచ్చారు, ఇప్పుడు తగ్గింది. కాగితం ఫ్రిజ్ మీదికి ఎక్కింది. కూర్చోవడం ఐదుగురి దగ్గరా వచ్చింది. పట్టీ లాగడం, పిలిస్తే రాకపోవడం మాత్రం అలాగే ఉన్నాయి. వాటి గురించి వివరంగా చెప్పగలరా?

సీతమ్మధార శిక్షకుడు:

పట్టీ బిగిసినప్పుడల్లా కుక్క కోరుకున్న వైపు మనం నడుస్తాం కాబట్టి, లాగితే పని జరుగుతుందని దానికి ఇన్నాళ్లూ మనమే రుజువు చేస్తూ వచ్చాం. ఇప్పుడు ఆ సంబంధాన్ని తెంచాలి. పట్టీ బిగిసిన క్షణంలో కదలకుండా నిలబడండి, మాట్లాడకండి, వెనక్కి గుంజకండి. అది తిరిగి చూసినప్పుడో, ఒక అడుగు వెనక్కి వేసినప్పుడో పట్టీ వదులవుతుంది. అప్పుడు ‘భేష్’ అని, మీ కాలి పక్కన ముక్క ఇచ్చి, నడక కొనసాగించండి. మొదట్లో లిఫ్ట్ నుంచి గేటు దాకా చేరడానికే చాలాసేపు పడుతుంది, అందుకు సిద్ధపడి బయలుదేరండి. ఆఫీసుకు వేళయిన రోజున ఈ పాఠం పెట్టుకోవద్దు, అవసరం తీర్చుకోవడానికి మాత్రం తీసుకెళ్లి వచ్చేయండి. లిఫ్ట్ తలుపు విషయంలోనూ ఇదే సూత్రం. అది కూర్చుంటేనే మీరు బయటికి అడుగు వేస్తారు, లేస్తే ఆగిపోతారు.

పిలుపు సంగతి ఇంకా సున్నితమైనది. ఖాళీ స్థలంలో బంటి ఆడుకుంటున్నప్పుడు మీరు ఎప్పుడు పిలుస్తున్నారో గుర్తు తెచ్చుకోండి. బహుశా ఇంటికి వెళ్లే వేళకే పిలుస్తున్నారు. అంటే ‘రా’ అన్న మాటకు ఆట ముగిసిందనే అర్థం దానికి స్థిరపడింది. స్నానానికి, గోళ్లు తీయడానికి, చెవి మందుకు కూడా అదే మాటతో పిలిచి ఉంటే పరిస్థితి ఇంకా చెడిపోతుంది. పాడైన మాటను వదిలేసి కొత్త మాట ఎంచుకోండి. కొన్నాళ్లపాటు ఆ మాటను ఇంట్లోనే, రెండు గదుల మధ్య ఇద్దరు మనుషులు నిలబడి, ఒకరి తరువాత ఒకరు పిలుస్తూ వాడండి. వచ్చిన ప్రతిసారీ దానికి అత్యంత ఇష్టమైన ముక్కే దొరకాలి. దగ్గరికి వచ్చాక ముందు మెడ పట్టీని మెల్లగా పట్టుకోండి, ఆ తరువాతే తినిపించండి. చేయి చాపడం అంటే పట్టుబడడం కాదని దానికి అర్థం కావలసింది ఇక్కడే.

తరువాత ఖాళీ స్థలంలో పదిమీటర్ల పొడుగు తాడు కట్టి చేయించండి. ఆ తాడును ఛాతీ హార్నెస్‌కే కట్టండి, మెడ పట్టీకి కడితే పరుగు మీద ఆగినప్పుడు మెడకు దెబ్బ తగులుతుంది. పిలిచి, తినిపించి, వెంటనే ‘వెళ్లు’ అని ఆటకు వదిలేయండి. పదిసార్లు పిలిస్తే తొమ్మిదిసార్లు మళ్లీ ఆటే దొరకాలి. ఎంత ఆలస్యంగా వచ్చినా వచ్చినందుకు తిట్టకూడదు, ఎందుకంటే తిట్టు దాని దృష్టిలో పారిపోయినందుకు కాదు, తిరిగి వచ్చినందుకే పడుతుంది.

విశ్రాంత హ్యాండ్లర్:

పిలుపు గురించి చెప్పింది అక్షరాలా నిజం. దగ్గరికి వచ్చిన కుక్కను శిక్షించిన హ్యాండ్లర్‌ను మా అధికారి ఆ రోజు మైదానం నుంచి పంపించేసేవారు. గొలుసు విషయంలో నా అభిప్రాయాన్ని పూర్తిగా మార్చుకోలేదు గానీ, శిక్షణ లేని ఇళ్లలో దాన్ని వాడవద్దన్న మాటను ఒప్పుకుంటున్నాను.

‘ఆగు’ నేర్పేటప్పుడు ఒక జాగ్రత్త చెబుతాను. సమయం, దూరం, చుట్టూ సందడి అనే మూడింటినీ ఒకేసారి పెంచకండి. మీరు దగ్గరే నిలబడి సమయాన్ని పెంచండి. దూరం జరిగేటప్పుడు సమయాన్ని మళ్లీ రెండు సెకన్లకు తగ్గించండి. అది లేచిపోయిందంటే మీరు తొందరపడ్డారని అర్థం, ఒక మెట్టు వెనక్కి వెళ్లండి. ఇక లేవవచ్చని తెలిపే విడుదల మాట కూడా తప్పనిసరి, లేకపోతే ఎప్పుడు లేవాలో అదే నిర్ణయించుకుంటుంది.

డల్లాస్ నుంచి:

శిక్షణ ఎంతవరకు వచ్చిందో కొలుచుకోవడానికి ఇక్కడ అమెరికన్ కెన్నెల్ క్లబ్ 1989 నుంచి ఒక పరీక్ష నడుపుతోంది. అందులో 10 అంశాలుంటాయి. కొత్త మనిషి వచ్చి యజమానితో మాట్లాడుతున్నప్పుడు కుక్క నెమ్మదిగా ఉండాలి, నిమరనివ్వాలి, జనం మధ్య పట్టీ లాగకుండా నడవాలి, పిలిస్తే రావాలి, మరో కుక్క ఎదురైనా మీద పడకూడదు, యజమాని మూడు నిమిషాలు కనబడకుండా పోయినా కంగారు పడకూడదు. పరీక్ష సమయంలో తినుబండారాలు వాడనివ్వరు. కుక్క ఆరోగ్యం, భద్రత, ఇరుగుపొరుగు సౌకర్యం తన బాధ్యతేనని యజమాని కూడా సంతకం చేయాలి. మా ఇంట్లో ఆ 10 అంశాలను రాసుకుని ఒక్కొక్కటే సాధన చేశాం. పరీక్షకు వెళ్లకపోయినా ఆ జాబితా మీ అపార్ట్‌మెంటులో అక్షరాలా పనికొస్తుంది.

మియాపూర్ నివాసి:

ఆ జాబితాను కూడా ఫ్రిజ్ మీదికి ఎక్కిస్తాం. అతిథులు వచ్చినప్పుడు ఎగబాకడం ఇంకా పూర్తిగా పోలేదు. అన్నట్టు, మా అత్తగారికి దీని మీద చాలా ప్రేమ, సాయంత్రం తానే తిప్పి తెస్తానంటున్నారు. పంపించవచ్చా?

సీతమ్మధార శిక్షకుడు:

ఎగబాకకూడదని చెప్పడం కంటే ఆ సమయంలో ఏం చేయాలో చెప్పడం సులువు. తలుపుకు కొంచెం దూరంలో ఒక చాప వేసి, దాని మీద కూర్చుంటే ముక్క దొరుకుతుందని నేర్పండి. తరువాత మీ పిల్లల్లో ఒకరు బయట నిలబడి గంట కొట్టాలి, మరొకరు బంటిని చాప దగ్గరికి తీసుకెళ్లాలి. అతిథులు ఎవరూ రాని వేళల్లో ఆ గంటను వీలైనన్ని సార్లు మోగించండి, మోగిన ప్రతిసారీ చాప మీదే ముక్క దొరకాలి. అసలు అతిథి వచ్చినప్పుడు పట్టీ వేసే ఉంచి, నాలుగు కాళ్లూ నేల మీద ఉన్నప్పుడే ఆయన్ను పలకరించమనండి. ఎగిరితే ఆయన వెనక్కి తిరిగి నిలబడాలి.

విశ్రాంత హ్యాండ్లర్:

అమ్మా, మీ అత్తగారి చేతికి ఇప్పుడే పట్టీ ఇవ్వకండి. పిల్లి అడ్డం వచ్చినప్పుడు అంత బరువున్న కుక్క ఒక్క ఉదుటున గుంజితే పెద్దవారి తుంటి ఎముక విరగవచ్చు. ఎవరు పట్టుకున్నా పట్టీని మణికట్టుకు చుట్టుకోకూడదు. చివరి వలయాన్ని బొటనవేలికి తగిలించి పిడికిలి మూయాలి, అప్పుడు ప్రమాదం వస్తే వదిలేయవచ్చు. అయితే ఆమెను శిక్షణకు దూరం పెట్టకండి. రెండు పూటలా తిండి గిన్నె ఆమె చేతుల మీదుగా దింపించండి. బంటిని ముందు తలుపు చట్రానికో గట్టి కొక్కేనికో పట్టీతో కట్టేసి, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టండి. ‘ఆగు’ అని ఆమె గిన్నె దించుతుండగా బంటి కదిలితే గిన్నె మళ్లీ పైకి వెళ్లాలి, కూర్చునే ఉంటే నేలకు చేరాలి, ఆమె ‘తిను’ అన్నాకే మీరు కట్టు విప్పాలి. కట్టు అవసరం లేకుండానే అది ఆగుతోందని మీకు నమ్మకం కుదిరాక, మీరు పట్టీ పట్టుకుని పక్కన నడుస్తుండగా ఆమెను సాయంత్రం నడకకు తీసుకెళ్లండి.